జంట లెక్కపలకలు

మసుయా కొట్టు నుంచి పలకలు వచ్చినప్పుడల్లా తోసె ముందుగా వాటిని వెనక్కి తిప్పి చూసేది. పైవైపు ఎవరైనా నునుపు చేస్తారు. ఎవరూ చూడని వెనకవైపు కూడా, అంచు వేలికి గుచ్చుకోకుండా సన్నగా అరగదీసే అలవాటు యొకొహామా మొత్తం మీద కిహెయ్‌కి ఒక్కడికే ఉంది. ఆ అంచు మీద బొటనవేలు నడిపించి, ఇది అతను కోసిందేనని తెలుసుకున్నాకే ఆమె పనిలోకి దిగేది.

అవి ఏనుగు దంతపు పలకలు. అరచేయంత పొడవు, మూడు వేళ్ల వెడల్పు. అంచుల వెంట గోరంత నాలుకలు కొన్ని ఉంటాయి. పేకాటలో పాయింట్లు వచ్చినప్పుడల్లా ఒక్కో నాలుకను పైకి లేపుతారు, లెక్క తప్పిపోకుండా. ఇద్దరాడే ఆటకు రెండు పలకలు, నలుగురాడే ఆటకు నాలుగు. కొండ మీద కాపురముండే దొరలు కొనుక్కునేవాళ్లు, ఓడలెక్కి వాళ్ల దేశాలకూ పోయేవి. దంతం కోసి, నాలుకలు బిగించి, నడుమ గుంటలు తొలిచి పంపడం కిహెయ్ పని. ఆ గుంటల్లో ముత్యపు చిప్పతో, పగడంతో, తాబేటి డిప్పతో చేసిన పురుగులను పొదగడం తోసె పని. మిడతలు, తూనీగలు, కొమ్ముపురుగులు, ఒక్కోసారి ఆకు మీద నత్త. ఈ పని మొదట ఆమె భర్త తత్సుజిరోది. పక్కన కూర్చుని చిప్ప అరగదీస్తూ ఆమె నేర్చుకుంది. అతను పోయాక పనిముట్లు ఆమెవయ్యాయి.

తత్సుజిరో ఉన్న రోజుల్లో పొద్దు వాలగానే కిహెయ్ వచ్చేవాడు. రెండు సందుల అవతలే ఇల్లు. చెప్పులు గుమ్మంలో విడుస్తూనే, "వదినా, ఇవాళ మీ ఆయన్ని ఏడిపిస్తాను చూడండి," అనేవాడు. ముగ్గురూ చాప మీద కూర్చుని పూలపేక ఆడేవారు. ఆ పేకలో నెలకో పువ్వు. దేవదారు కొమ్మ, ప్లమ్ పువ్వు, చెర్రీ, ఐరిస్, చేమంతి. ఒకే పువ్వున్న ముక్కలను జతచేసి గెలుచుకోవాలి. లెక్కకు పలకలూ గిలకలూ ఏమీ లేవు. పనిలో విరిగిపోయిన చిప్పముక్కలను ఒక గిన్నెలో పోసి, వాటినే పంచుకునేవారు. దొరలకు దంతమూ, మనకు పెంకులూ అని తత్సుజిరో నవ్వేవాడు. ఎక్కువ లెక్కొచ్చే చంద్రుడి ముక్క చేతికొస్తే దాచుకోలేడు, మొహం వెలిగిపోయేది. కిహెయ్ ఓడిపోతే మూడు రోజులు మూతి ముడుచుకునేవాడు, కానీ ఆ మూడు రోజులూ ఆటకు మాత్రం వచ్చేవాడు.

వానాకాలంలో తత్సుజిరోకి దగ్గు పట్టుకుంది. శరదృతువు రాకముందే పోయాడు. నలభై తొమ్మిదో రోజు కర్మకు కిహెయ్ వచ్చి, అగరుబత్తి వెలిగించి, తలవంచి దణ్ణం పెట్టి వెళ్లాడు. అంతే. మళ్లీ ఆ గుమ్మంలో అతని చెప్పులు కనిపించలేదు.

ఎందుకో తోసె తనే ఊహించుకుంది. పక్కింటావిడ గిన్ నోటికి అడ్డూ ఆపూ లేదు. కర్మ అయిన వారానికే బావి దగ్గర, "మొగుడు లేని ఇంటికి మగాడు పేకాటకొస్తే ఊరు ఊరుకుంటుందా?" అని ఎవరితోనో అంటుంటే తోసె చెవిన పడింది. అదే కిహెయ్ చెవినా పడి ఉంటుంది, అతను మొహమాటపు మనిషి, అందుకే మానేశాడు అనుకుంది. గిన్‌తో చాలాకాలం సరిగా మాట్లాడలేదు. గిన్ అది గమనించనే లేదు.

అలా రెండేళ్లు గడిచాయి. పగలు ఎలాగో గడిచిపోయేది. పురుగు కాలు వెంట్రుకంత సన్నంగా కోస్తున్నప్పుడు మనసు ఇంకెక్కడికీ పోదు. వెలుతురు తగ్గి పనిముట్లు సర్దాకే కష్టం. వండుకుని, తిని, గిన్నె కడుక్కున్నాక ఇల్లంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నట్టుండేది. మొదట్లో టీ పెడితే రెండు కప్పులకు నీళ్లు పడేవి. తర్వాత ఆ అలవాటు పోయింది. పోయినందుకు ఇంకా దిగులేసింది. ఒకసారి స్నానాలశాల నుంచి వస్తుంటే సందు మలుపులో కిహెయ్ ఎదురయ్యాడు. అతను ఆమెను చూసి, అప్పుడే గుర్తొచ్చినట్టు పక్కనున్న కూరగాయల కొట్టులోకి తిరిగి ముల్లంగి ఎత్తి చూడసాగాడు. ఆమె తలవంచుకుని దాటిపోయింది. ఇంటికొచ్చి, తడి తువ్వాలు ఆరేయడం కూడా మరిచిపోయి కూర్చుంది.

కాబట్టి ఆమెకు మిగిలింది ఆ పలకల అంచులే.

మేపుల్ ఆకులు ఎర్రబడుతున్న రోజుల్లో ఒక పొద్దున మసుయా కొట్టు యజమానురాలే స్వయంగా వచ్చింది. లావాటి మనిషి, గుమ్మంలోనే కూలబడి విసురుకోసాగింది.

"తోసె, మంచి బట్టలేమైనా ఉన్నాయా నీకు?"

"ఏం, పెళ్లా?"

"కొండ మీదికి వెళ్లాలి. అక్కడొక ముసలి దొరసాని ఉంది. మన కొట్లో కొన్న జంట పలకల్లో ఒకదాని కొమ్ముపురుగు ఊడిందట. పంపండి, బాగుచేయించి ఇస్తానంటే ఇల్లు దాటనివ్వనంటుంది. చేసినవాళ్లే వచ్చి తన ఎదుట అతికించాలట."

"నేను దొరల ఇంటికా? చెప్పులెక్కడ విడవాలో కూడా తెలీదు నాకు."

"విడవక్కర్లేదట. వాళ్లు బురదకాళ్లతోనే తివాచీలు తొక్కుతారు. నువ్వు మాత్రం విడువు, మన పరువు మనం కాపాడుకుందాం."

తోసె నవ్వి, ఉన్నవాటిలో నల్లచారల కిమోనో తీసి కట్టుకుంది. బంకకుండ, సన్న రంపం, చిన్న సుత్తి, నాలుగు రకాల చిప్ప గుడ్డలో మూట కట్టుకుని కాలవ వంతెన దాటి కొండెక్కింది.

తలుపు తీసింది యొనె అనే పనమ్మాయి, చీబా వైపు యాస. లోపల ఒక పెద్ద గది, కిటికీలోంచి రేవు మొత్తం కనిపిస్తోంది. కిటికీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, దానికి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. దొరసాని సన్నగా, పొడుగ్గా, తెల్లటి జుట్టుతో ఉంది. పలకనూ, ఊడిన పురుగునూ రెండు చేతులతో తెచ్చి తోసె ముందు పెట్టింది.

తోసె దాన్ని చూడగానే గుర్తుపట్టింది. అది తత్సుజిరో చేసినది. అతని కొమ్ముపురుగులకు ముందుకాళ్లు కాస్త ఎత్తి ఉంటాయి, ఎవరినో పలకరిస్తున్నట్టు. వెనక్కి తిప్పింది. అంచు మెత్తగా ఉంది. ఒకరు లేరు, ఒకరు రారు. ఇద్దరి పనీ ఒక్కసారిగా చేతిలోకి రాగానే ఆమెకు కళ్లు చెమర్చాయి. దొరసాని చూడకుండా తలవంచి గుంట గీకడం మొదలుపెట్టింది.

ఊడిన పురుగు వెన్ను చితికిపోయింది. కొత్తది కోయాల్సి వచ్చింది. నేల మీదే కూర్చుని పని చేసుకుంది. బంక ఆరేదాకా ఆగాలని యొనెతో చెప్పించింది. దొరసాని తల ఊపి, రెండో పలకను బల్ల మీద పెట్టి, పేక కలిపి పంచింది. తనకు ఎనిమిది ముక్కలు, ఎదుట ఖాళీ కుర్చీకి ఎనిమిది.

తర్వాత జరిగింది తోసెకు మొదట అర్థం కాలేదు. దొరసాని తన ముక్క ఒకటి వేసింది. వేసి లేచింది. బల్ల చుట్టూ మెల్లగా నడిచి అవతలి కుర్చీ వెనక నిలబడి, ఆ ముక్కలు ఎత్తి చూసి, ఆలోచించి, ఒకటి వేసింది. మళ్లీ ముక్కలు బోర్లించి తన చోటికి వచ్చి కూర్చుంది. అవతల నిలబడ్డప్పుడు తన ముక్కలు తనకు తెలియనట్టే మొహం పెట్టేది.

"ఏం చేస్తోందమ్మా ఆవిడ?" తోసె గుసగుసగా అడిగింది.

"ఆడుతున్నారు. అయ్యగారు ఉన్నప్పుడు రోజూ మధ్యాహ్నం ఇద్దరూ ఆడేవాళ్లు. ఆయన పోయాక ఇలాగ," అంది యొనె. "మొదట్లో నాకు భయమేసేది. ఇప్పుడు అలవాటైపోయింది."

"మరి గెలిచేదెవరు?"

"ఎక్కువగా అయ్యగారే. ఆవిడ ఓడిపోయినప్పుడు కాస్త చిరాకు పడతారు కూడా."

దొరసాని వాళ్ల గుసగుస విని ఏదో అడిగింది. యొనె చెప్పింది: "మీకు ఆడటం వచ్చా అంటున్నారు."

"రాదని చెప్పు. లెక్కపలకలు చేస్తాం గానీ, ఈ ఆట చూడటం ఇదే మొదటిసారి."

దొరసాని కాసేపు ఆమెను చూసింది. తర్వాత ఎదుటి కుర్చీ చేత్తో కొద్దిగా వెనక్కి లాగి, రమ్మన్నట్టు తల ఆడించింది. ఆ కుర్చీ చేతులు పట్టుకుని పట్టుకుని నున్నబడి ఉన్నాయి. తోసె లేవలేకపోయింది. చేతులు నేలకానించి వంగి, బంక ఆరింది, ఇక సెలవిప్పించమని చెప్పించింది. దొరసాని కుర్చీ మళ్లీ ముందుకు జరిపింది.

కొండ దిగుతున్నంతసేపూ ఆ బల్ల చుట్టూ తిరిగే నడక తోసె కళ్ల ముందే ఉంది. ఆవిడకు వేరే దారి లేదు, ఆయన మట్టిలో ఉన్నాడు. తనకేమయింది? ఆట వచ్చిన మనిషి రెండు సందుల అవతల బతికే ఉన్నాడు. గిన్ ఏమన్నా అననీ. వంతెన దాటాక ఆమె ఇంటివైపు తిరగలేదు. మూట చంకలో పెట్టుకుని, పట్టపగలు, కిహెయ్ ఇంటి తలుపు తట్టింది.

తలుపు తీసిన కిహెయ్ జుట్టంతా దంతపు పొడి. ఆమెను చూసి రంపం చేతిలోంచి దించడం మరిచిపోయాడు.

"వదినా."

"లోపలికి రమ్మంటావా, సందులో నిలబెట్టి మాట్లాడతావా?"

"రండి, రండి." కంగారుగా పీట తుడిచి వేశాడు. తలుపు మూయబోయి, ఆగి, తెరిచే ఉంచాడు.

"అలాగే ఉండనీ. నీకు ఊరి మాటలంటే భయమని నాకు తెలుసు. అందుకేగా రావడం మానేశావు?"

కిహెయ్ అయోమయంగా చూశాడు. "ఏ ఊరి మాటలు?"

"గిన్ బావి దగ్గర అన్న మాటలు."

"గిన్ ఏమందో నాకు తెలీదు వదినా. ఆవిడ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది, ఎవరు వింటారు?"

తోసె రెండేళ్లుగా ఒక కారణాన్ని పట్టుకుని సర్దిచెప్పుకుంది, అదిప్పుడు చేతిలోంచి జారిపోయింది.

"మరి ఎందుకు రాలేదు?"

అతను రంపం పక్కన పెట్టాడు. దాన్ని మళ్లీ ఎత్తి ఇంకోచోట పెట్టాడు. చివరికి నేల చూస్తూ చెప్పాడు.

"వాడికి బాగా జబ్బుగా ఉన్నప్పుడు, ఒకరోజు మిమ్మల్ని తోఫు తెమ్మని పంపాడు, గుర్తుందా? తినగలిగే స్థితిలో కూడా లేడు. మీరు వెళ్లగానే నా చేయి పట్టుకుని, 'నా తర్వాత దాన్ని నువ్వే చేసుకోరా' అన్నాడు. నేను సరేనన్నాను."

తోసె చంకలోని మూట తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పోయేవాడికి ఏమని చెప్పను వదినా? సరేనన్నాను. కానీ నాకు పెళ్లి పడదు. ఒకసారి చేసుకుంటే ఆవిడ ఏడాది తిరక్కుండా హచియోజి వెళ్లి పుట్టింట్లో కూర్చుంది. తప్పు ఆవిడది కాదు. మీ ఇంటికొస్తే ఆ మాట ఎత్తాలి. ఎత్తితే చేసుకోవాలి. ఎత్తకుండా కూర్చుని ఆడితే వాణ్ని మోసం చేసినట్టు. ఏం చేయాలో తోచక రావడమే మానేశాను. వాడు మీకూ చెప్పే ఉంటాడు, మీరు ఎదురుచూస్తుంటారు అనుకున్నాను."

"నాకేం చెప్పలేదు."

"చెప్పలేదా?"

"తోఫు ఎందుకు మిగిల్చారని అడిగితే, ఆకలి చచ్చిపోయిందన్నాడు." ఆమె గొంతు గట్టిపడింది. "మీరిద్దరూ కూర్చుని నన్ను పంచేసుకున్నారు గానీ, నన్నొక మాట అడగాలని ఒక్కడికైనా తోచిందా?"

కిహెయ్ తల ఇంకా కిందికి దిగింది.

"నేను నిన్ను చేసుకోను కిహెయ్. అడిగి ఉన్నా చేసుకునేదాన్ని కాదు. ఓడిపోతే మూడు రోజులు మూతి ముడుచుకునే మగాడితో కాపురమా?"

అతను తలెత్తి చూశాడు. ఆమె నవ్వడం లేదు, కానీ కోపం కూడా అంతగా లేదు. గుండెల మీంచి ఏదో దించుకున్నవాడిలా అతను గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి విన్నాక తోసెకు బాధ ఎక్కువైంది. ఇంత చిన్న మాట. తలుపు తట్టి చెప్పి ఉంటే ఒక్క సాయంత్రంలో తేలిపోయేది.

"రేపు ఆటకు రా," అంది లేస్తూ.

"వస్తాను. కానీ వదినా..." అతను గోడవైపు చూపించాడు. పనిముట్లు సగం అప్పుడే పెట్టెలోకి ఎక్కి ఉన్నాయి. "నెలాఖరుకు టోక్యో వెళ్లిపోతున్నాను. దొరలు ఇప్పుడు ఈ పలకలు అంతగా కొనడం లేదట, మసుయావాళ్లు సగానికి సగం తగ్గించారు. మా అన్న కొడుకు అక్కడ అసకుసా పేటలో షామిసెన్ వాద్యం తీగలు మీటే దంతపు బద్దలు కోస్తున్నాడు. రమ్మన్నాడు."

"ఓహో," అంది తోసె. 

మర్నాడు కిహెయ్ మధ్యాహ్నమే వచ్చాడు. తోసె వీధి తలుపు బార్లా తెరిచి పెట్టింది. పేక విప్పి గిన్నెలో చిప్పముక్కలు పోస్తుండగానే గిన్ తల గుమ్మంలో కనిపించింది.

"ఏంటమ్మా, పూలపేకా? నన్ను పిలవలేదేం?"

"లోపలికి రా పిన్నీ. ముగ్గురుంటేనే ఆట బాగుంటుంది," అంది తోసె. "బావి దగ్గర మమ్మల్ని గురించి చెప్పుకోవడానికి నీకూ వివరాలు కావాలి కదా."

"నేనా? నేనేమన్నాను?" గిన్ అప్పటికే చెప్పులు విడిచి చాప మీదికి వచ్చేసింది. తత్సుజిరో కూర్చునే చోటే చతికిలబడింది. కిహెయ్ చూపు ఒక్క క్షణం తోసె చూపుతో కలిసి పక్కకు తప్పుకుంది.

గిన్‌కి ఆట సరిగా రాదు. చేతిలో ముక్కలు అందరికీ కనిపించేలా పట్టుకుంది.

"ఇదేం పువ్వు? చేమంతా?"

"అది పియోనీ," అన్నాడు కిహెయ్.

"నాకు చేమంతిలాగే ఉంది. దీన్ని దీంతో కలిపేయొచ్చుగా?"

"ఎలా కలుపుతారు పిన్నీ, అది జూన్, ఇది సెప్టెంబరు."

"మూడు నెలలు తేడా, అంతేగా. మా ఆయన అప్పు తీర్చడానికి అంతకన్నా ఎక్కువే తీసుకుంటాడు."

కిహెయ్ నుదురు కొట్టుకున్నాడు. తోసెకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు ఆగలేదు. కిమోనో చేతి అంచుతో మూతి మూసుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఒక సంగతి తెలిసింది. రెండేళ్లుగా తను బెంగపెట్టుకున్నది ఈ ఆట మీద కాదు. ముక్కలు అవే, పెంకులు అవే, కిహెయ్ కూడా కిహెయే. కానీ చంద్రుడి ముక్క చేతికొస్తే దాచుకోలేని మొహం చాప మీద లేదు. కిహెయ్ రెండేళ్లూ రోజూ వచ్చి ఉన్నా ఆ చోటు ఇలాగే ఉండేది. ఇప్పటిదాకా ఆ లోటుకు కిహెయ్ పేరు పెట్టుకుంది, అంతే.

ఆ మాట కిహెయ్‌కి కూడా తెలిసినట్టుంది. పొద్దు వాలకముందే ముక్కలు కింద పెట్టి, "వాడు లేకపోతే పస లేదు వదినా," అన్నాడు మెల్లగా.

"లేదు," అంది తోసె.

గిన్ మాత్రం తను గెలిచానని చెప్పుకుంటూ వెళ్లింది.

నెలాఖరులో తోసె స్టేషన్‌కు వెళ్లింది. కిహెయ్ సామాను ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట. రైలు కదలడానికి ఇంకా టైముంది. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. వాన తుంపర పడుతోంది.

"నేను మాట తప్పానని వాడు ఏమనుకుంటాడో," అన్నాడు కిహెయ్.

"ఏమీ అనుకోడు. నేనే ఒప్పుకోలేదని నేను చెప్పుకుంటాలే, ఆయన ఫొటో ముందు."

"మీకు కోపం లేదుగా?"

తోసె ఆలోచించింది. "ఆయన మీద ఉంది. నీ మీద కొంచెం. నాకు నేనుగా రెండు సందులు నడిచి రావడానికి ఇంతకాలం పట్టినందుకు నా మీద కూడా ఉంది."

అతను తల ఊపాడు. గంట కొట్టారు. పెట్టె ఎత్తుకుని మూడో తరగతి డబ్బాలోకి ఎక్కి, కిటికీలోంచి వంగి, "టోక్యో వస్తే..." అని ఆగిపోయాడు. ఆమె రాదని ఇద్దరికీ తెలుసు. "దగ్గు రాకుండా చూసుకోండి. తడవకండి," అన్నాడు బదులుగా.

రైలు వెళ్లిపోయాక వంగి చేసిన నమస్కారం నుంచి ఆమె నిటారుగా అయ్యేసరికి ప్లాట్‌ఫారం సగం ఖాళీ అయింది. గొడుగు విప్పి బయటికి వచ్చింది. రిక్షావాళ్లు పిలిచారు, అక్కర్లేదంది. వంతెన దగ్గరికొచ్చేసరికి వాన పెరిగింది. పక్కనే నూడుల్స్ కొట్టు, నీలం తెర వెనక నుంచి ఆవిరి వస్తోంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లి పొయ్యి రాజేసి ఒక్కదానికే వండుకోవడం తలచుకుంటే ఒళ్లు బరువెక్కింది.

ఆడది ఒంటరిగా అలాంటి కొట్లోకి వెళ్లి తినడం ఆమె ఎరగదు. తత్సుజిరోతో కూడా రెండుసార్లే వెళ్లింది. కాసేపు తెర బయట నిలబడింది. తర్వాత గొడుగు ముడిచి లోపలికి అడుగుపెట్టింది. రిక్షావాళ్లు, రేవు కూలీలు తలెత్తి చూసి మళ్లీ గిన్నెల్లోకి వంగారు.

"ఎంతమందండీ?" అడిగాడు కొట్టతను, చేతులు తుడుచుకుంటూ.

"ఒక్కదాన్నే."

అతను గోడవారగా ఉన్న పీట చూపించాడు. ఆమె వెళ్లి కూర్చుంది. వేడి నూడుల్స్ వచ్చాయి, పైన తరిగిన ఉల్లికాడలు. పులుసు కాస్త ఉప్పగా ఉంది. అయినా అడుగుదాకా తాగి, డబ్బులిచ్చి, వానలోనే ఇంటికి నడిచింది.